మాకు దండలొద్దు, లెక్కలడగండి

పోయిన ఏప్రిల్ 14న ప్రకాశం జిల్లాలో వొక మాదిగపల్లెకు నన్ను అంబేడ్కర్ జయంతి సభకు పిలిచారు. పిలిచిన కుర్రాళ్లు మంచివాళ్లు. చందాలేసుకుని టెంటు వేశారు, మైకు పెట్టారు, కరపత్రంలో నా పేరుకు ముందు 'ప్రముఖ విద్యావేత్త' అని అచ్చేశారు. స్టేజీ ఎక్కించి బంతిపూల దండేసి శాలువా కప్పారు. నేనూ ప్రతి ఏడూ మాట్లాడేదే మాట్లాడాను. చదవండి, పైకి రండి, నన్ను చూడండి, పొగాకు గ్రేడింగుకు పోయిన తల్లి కొడుకుని ఇయ్యాళ యూనివర్సిటీలో పాఠం చెబుతున్నాను అన్నాను. చప్పట్లు కొట్టారు.

సభ అయిపోయాక అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతుంటే వొక పెద్దమ్మ వచ్చి పక్కన కూలబడింది. డెబ్బై దాటి వుంటాయి.

"నాయనా, నువ్వు ఆడ ఎన్నేళ్ల నుంచి చేస్తన్నావు?"

"పాతికేళ్లు దాటింది పెద్దమ్మా."

"మరి నీ ఎనకాల మనోళ్లు ఎంతమంది చేరారు?"

"పోస్టులు పడటం లేదు పెద్దమ్మా" అన్నాను.

"పడినప్పుడు?"

మజ్జిగ గ్లాసు కింద పెట్టి, పొద్దుపోతోందని చెప్పి కారెక్కాను. ఆమె అడిగింది మూడే మూడు ప్రశ్నలు. పాతికేళ్లలో ఏ ఇంటర్వ్యూలోనూ, ఏ సెమినార్లోనూ నన్నెవరూ అడగని ప్రశ్నలు. అక్కడ చెప్పలేని జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఆ పల్లెలో యీ పత్రిక వస్తుందని తెలిసే రాస్తున్నాను.

ముందు నా పద్దు నేను చెప్పుకోవాలి. మా అమ్మ పొగాకు కంపెనీలో గ్రేడింగు చేసేది. నేల మీద బారులు బారులుగా కూర్చుని ఆకును రంగును బట్టి, నాణ్యాన్ని బట్టి వేరుచేసే పని. ఆ దుమ్ముకు దగ్గు, ఆ ఘాటుకు వాంతులు. సాయంత్రం ఎన్నిసార్లు కడుక్కున్నా చేతులకు పట్టిన జిగురు పోయేది కాదు. ఆమె కలిపి పెట్టిన ముద్ద చేదుగా వుండేది. నేను చాన్నాళ్లు అన్నం రుచే అంత అనుకున్నాను. ఆరో తరగతిలో సాంఘిక సంక్షేమ హాస్టల్లో పడ్డాక గానీ చేదు లేని అన్నం తినలేదు. అందులో పురుగులుండేవి, అది వేరే సంగతి.

అట్లా హాస్టళ్లు పట్టుకుని ఎం.ఏ. ఎకనామిక్స్ దాకా వచ్చాను. పీహెచ్.డీ చేశాను. 1998లో ఉద్యోగంలో చేరిన రోజున ఆఫీసు గుమాస్తా నా ఆర్డరు చూసి "ఓహో, రోస్టరు పాయింటా" అన్నాడు. నా మార్కులు అదే ఫైల్లో వున్నాయి. ఆయన చూపు అటు పోలేదు. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఆ డిపార్టుమెంటులో నేను రోస్టరు పాయింటునే. మిగతావాళ్లు ఎకనామిక్స్ మాస్టర్లు.

బాబాసాహెబ్ కూడా ఎకనామిక్స్ మాస్టరే అని మనలో చాలామందికి గుర్తుండదు. అమెరికాలో కొలంబియా యూనివర్సిటీలో చదివొచ్చాక, 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పొలిటికల్ ఎకానమీ ప్రొఫెసరుగా చేరాడు. ఆయన పాఠం వినడానికి వేరే కాలేజీ పిల్లలు కూడా వచ్చేవాళ్లట. తోటి ప్రొఫెసర్లకు మాత్రం వేరే బాధ పట్టుకుంది. స్టాఫ్ రూములో అందరూ తాగే నీళ్లకుండ ఈయన ముట్టుకుంటాడేమోనని. పాఠం చెప్పొచ్చు, నీళ్లు తాగకూడదు.

మా స్టాఫ్ రూములో కుండ లేదు. ఆర్వో ఫిల్టరు వుంది, ఎవరి సీసా వాళ్లది. టీ కప్పులు కాగితపువి, తాగి పారేసేవి. "అంటరానితనం పోయిందో, కప్పులు మారాయో తేల్చలేం" అని వొక మిత్రుడు నవ్వుతుంటాడు. ఆదివారం మర్నాడు నేను క్యారేజీ విప్పితే అప్పటిదాకా కబుర్లు చెబుతున్నవాళ్లకు క్లాసు గుర్తొస్తుంది. ఇలాంటివి రాసుకుంటూ పోతే పుస్తకమవుతుంది. నాకు వీటి మీద పెద్ద కోపం కూడా లేదిప్పుడు, అలవాటైపోయింది. అలవాటు కావడమే ప్రమాదం అని మీరనొచ్చు, నిజమే.

కానీ అసలు కుండ వేరే చోట దాచారు. ఎవరికి ఏ పని అప్పజెబుతారు అన్న చోట అది దొరుకుతుంది. ఎస్సీ ఎస్టీ సెల్లు నాకు. ఎన్.ఎస్.ఎస్. క్యాంపు పెట్టి ఊళ్లో చెత్త ఎత్తించే పని నాకు. హాస్టలు వార్డెను నాకు. ఏప్రిల్ 14న పూలదండ తెప్పించే పని నాకు. పిల్లలు గేటు దగ్గర బైఠాయిస్తే అర్ధరాత్రి ఫోను నాకే: "సార్, మీ పిల్లలు ధర్నా చేస్తున్నారు, కొంచెం మీరు మాట్లాడండి." ఏడాది పొడుగునా వాళ్లు యూనివర్సిటీ పిల్లలు, ధర్నా చేసిన పూట నా పిల్లలు! మరి అడ్మిషన్లు? పరీక్షల విభాగం? కొనుగోళ్లు? బిల్డింగు కమిటీ? ఏ కొత్త కోర్సు పెట్టాలి, ఏ పుస్తకం పాఠ్యాంశం కావాలి అని తేల్చే బోర్డు? వాటికి "అనుభవం వున్నవాళ్లు" కావాలి. పాతికేళ్లు దాటినా నాకా అనుభవం రాలేదు.

ఊళ్లో చావు కబురు మోసుకుపోయే పని, డప్పు కొట్టే పని, చచ్చిన గొడ్డును లాగే పని ఎవరికి రాసిపెట్టి వుండేవో మీకు నేను చెప్పాలా? యూనివర్సిటీలో చొక్కా ఇస్త్రీ చేసుకుని ఆ పనులే చేస్తున్నాం.

పిల్లల సంగతి ఇంకా దారుణం. మన పిల్ల ఎంతో కష్టపడి రీసెర్చికి వస్తుంది. గైడ్లను పంచే రోజున "మీ పిల్లల్ని మీరే చూసుకోండి సార్" అని నా వైపు నెడతారు. ఆమె బ్యాంకుల మీద రాస్తానంటుంది, ద్రవ్యోల్బణం మీద రాస్తానంటుంది. "నీకెందుకమ్మా అవన్నీ, నీ కులం గురించి రాసుకో, ఫీల్డు తెలుసు కదా" అంటారు. సరేనని పల్లె గురించి రాసుకొస్తే "ఇది అనుభవం, ఇందులో థియరీ ఎక్కడుంది?" అంటారు. అటు పోతే గొయ్యి, ఇటు పోతే నుయ్యి. వాళ్ల తాతల భూముల గురించి వాళ్లు రాస్తే అది వ్యవసాయ అర్థశాస్త్రం. ఆ భూముల్లో కూలికి పోయినవాళ్ల గురించి మనం రాస్తే అది ఆవేశం.

ఇక నోటి పరీక్ష. రాత పరీక్షలో పేపరు మీద నంబరు తప్ప పేరుండదు. మన పిల్లలు అక్కడ ఎలాగోలా గట్టెక్కుతారు. ఇంటర్నల్ మార్కులు, వైవా, ఇంటర్వ్యూ అనేసరికి మొహం కనబడుతుంది, ఇంటిపేరు కనబడుతుంది, ఊరు కనబడుతుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ ఎస్టీ విద్యార్థుల స్థితి చూడమని వేసిన థొరాట్ కమిటీ 2007లో రిపోర్టు ఇచ్చింది. అక్కడి పిల్లలు చెప్పిన ఫిర్యాదుల్లో యీ నోటి పరీక్షల వివక్ష కూడా వుంది. డాక్టరు చదువైనా, ఎకనామిక్స్ అయినా గుమ్మం వొక్కటే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల, మరో నలుగురు పిల్లల్ని హాస్టలు నుంచి వెలేస్తే, వాళ్లు ఆరుబయట వేసుకున్న గుడారానికి 'వెలివాడ' అని పేరెందుకు పెట్టుకున్నారో ఆలోచించండి. సైన్సు రాయాలని కలగన్న ఆ పిల్లవాడు 2016 జనవరి 17న వెళ్లిపోయాడు. ఆ వారమంతా నేను క్లాసులో పాఠం చెప్పలేకపోయాను. తరవాత వారం నుంచి చెప్పాను. జీతం తీసుకుంటున్నాను కదా.

ఇంతవరకూ రాసింది వాళ్ల గురించి. ఇక్కడి నుంచి నా గురించి.

యూనివర్సిటీలో లెక్చరరు ఉద్యోగం ఎలా ఇస్తారో పల్లెలో ఎవరికీ తెలియదు, కాబట్టి రెండు ముక్కల్లో చెబుతాను. 2018లో యూజీసీ పెట్టిన నిబంధనల ప్రకారం డిగ్రీ మార్కులు, పీజీ మార్కులు, పీహెచ్.డీ, నెట్టు, అచ్చయిన పేపర్లు అన్నిటికీ కలిపి వొక స్కోరు వేస్తారు. ఆ స్కోరు ఇంటర్వ్యూకి పిలవడానికి మాత్రమే పనికొస్తుంది. పిలిచాక ఆ స్కోరు చెత్తబుట్టలోకే. ఉద్యోగం ఎవరికన్నది ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడారన్న దాన్నిబట్టే. పాతికేళ్ల చదువు గుమ్మం దాకా, ఆ తరవాత పది పదిహేను నిమిషాల మాట. ఆ మాట బాగుందో లేదో తేల్చేది గదిలో కూర్చున్న ఏడెనిమిది మంది. ఆ ఏడెనిమిది మందిలో ఎస్సీ ఎస్టీలు ఎవరూ లేకపోతే, అభ్యర్థుల్లో మనవాళ్లుంటే, మన వర్గం నుంచి వొక అధ్యాపకుణ్ణి కమిటీలో వెయ్యాలని కూడా రూలుంది. మంచి రూలే. కాకపోతే ఆ మనిషిని ఎంచేది వైస్ చాన్సలరు. మన తరఫున కూర్చునేవాణ్ణి మనం పంపించం, వాళ్లే ఏరుకుంటారు. ఎవర్ని ఏరుకుంటారు? గొడవ పడనివాణ్ణి.

నన్ను ఏరుకున్నారు.

వేరే రాష్ట్రంలో వొక సెంట్రల్ యూనివర్సిటీ. పేరు రాయను, రాయాల్సింది నా పేరే. విమానం టిక్కెట్టు పంపారు, గెస్ట్ హౌసులో ఏసీ గది, పొద్దున్నే కాఫీ. వైస్ చాన్సలరు గారు స్వయంగా వచ్చి భుజం మీద చెయ్యేసి "ప్రొఫెసర్ సాబ్" అన్నాడు. ఎకనామిక్స్‌లో రెండు ఎస్సీ పోస్టులున్నాయి. ఇంటర్వ్యూకి తొమ్మిదిమంది వచ్చారు. తొమ్మిదిమందికీ పీహెచ్.డీలున్నాయి.

ఆరోదిగా వొక అమ్మాయి వచ్చింది. తెలుగు పిల్ల. మా జిల్లాయే. కాగితాలు చూస్తే ఆమె థీసిస్ దేని మీదనుకున్నారు? పొగాకు గ్రేడింగు ఆడకూలీల మీద. కూలి ఎలా లెక్కగడతారు, రాసులో ఎంత కోత పెడతారు, సీజను అయిపోయాక ఆ ఆడోళ్లు ఎవరి దగ్గర అప్పు తెస్తారు, ఆ అప్పు మళ్లీ సీజనుకు వాళ్లను ఏ కంపెనీ గుమ్మానికి కట్టేస్తుంది, అన్నీ పట్టికలు గీసి పెట్టింది. ఆ పేజీలు తిప్పుతుంటే నా ముక్కుకు ఆ ఘాటు తగిలింది. పాతికేళ్లుగా ఎకనామిక్స్ చెబుతున్న నాకు మా అమ్మ గురించి రాయాలని ఏనాడూ తోచలేదు. యీ పిల్ల రాసింది.

వొక ఎక్స్‌పర్టు అడిగాడు, ఇందులో థియరీ ఎక్కడుందని. ఆమె ఇంగ్లీషులో మొదలుపెట్టి, మధ్యలో తట్టుకుని, బోర్డు మీద లెక్క వేసి చూపిస్తాను అంది. అక్కర్లేదన్నారు. ఇంకొకాయన ఆమె పుట్టిన ఊరు పలకడం రాక నవ్వాడు, అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా ఊరికి పదహారు కిలోమీటర్లు అది. ఆ పిల్ల నా వంక చూసింది. తెలుగాయన వున్నాడు, మనాయన వున్నాడు, వొక్క ప్రశ్న సరైంది అడుగుతాడు అని చూసింది. నేను నీళ్ల సీసా మూత తీశాను. థాంక్యూ, యు మే గో అన్నారు. గోడ గడియారం చూశాను. పదకొండు నిమిషాలు.

సాయంత్రానికి కాగితం తయారైంది. జనరల్ పోస్టుకు మనిషి దొరికాడు, ఎవరో ముందే తెలిసినట్టుంది. ఎస్సీ కాలమ్ దగ్గర మూడే మాటలు: నాట్ ఫౌండ్ సూటబుల్. తగినవాళ్లు దొరకలేదు. తొమ్మిది పీహెచ్.డీల్లో ఇద్దరు దొరకలేదు! కాగితం నా ముందుకొచ్చింది. పెన్ను కూడా వాళ్లే ఇచ్చారు. సంతకం పెట్టాను.

నన్నెవరూ బెదిరించలేదు. యీ మాట మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఎవరైనా బెదిరించారని రాస్తే నాకు కొంచెం పరువు దక్కేది. నా ప్రమోషను వాళ్ల చేతిలో లేదు, నా ఉద్యోగం వాళ్లు తీసెయ్యలేరు. సంతకం పెట్టనంటే ఏమయ్యేది? మహా అయితే నా అసమ్మతి రాసుకునేవాళ్లు, మళ్లీ పిలిచేవాళ్లు కాదు. అదే. మళ్లీ పిలవరేమోనని పెట్టాను. మళ్లీ పిలిచారు కూడా, వేరే చోట్లకు, రెండుసార్లు.

కాలే కడుపుతో వున్నవాడు దొర మాటకు తల వంచితే అర్థం చేసుకోవచ్చు. మా నాయన పాలేరుతనం చేశాడు, దొర ముందు చెప్పులు చేత పట్టుకున్నాడు, ఆయనకు వేరే దారి లేదు. నెలకు లక్ష దాటి జీతం, పింఛను, క్వార్టరు వున్న నేనెందుకు చేత పట్టుకున్నాను? కరువు తీరినా భయం తీరలేదు. భయమనే మాట కూడా నాకు నేను ఇచ్చుకునే రాయితీయేమో. సోఫాలో వాళ్ల పక్కన కూర్చోవడం నాకు నచ్చింది. అంతే.

నాలాంటివాళ్లు చెప్పుకునే మాట వొకటుంది. "లోపలుండి తగ్గి నడుచుకోవాలి, ముందు పైకి వెళ్లాలి, పైకి వెళ్లాక మనవాళ్లకు చెయ్యొచ్చు." లెక్చరరుగా వున్నప్పుడు రీడరయ్యాక అనుకున్నాను. రీడరయ్యాక ప్రొఫెసరయ్యాక అనుకున్నాను. ప్రొఫెసరునై ఆ గదిలో కూర్చున్నాను. అంతకన్నా పైన ఇంకేముంది? ఆ 'పైకి వెళ్లాక' అనేది మా ఊరి చెరువు దగ్గర ఎండమావి లాంటిది. నడిచేకొద్దీ జరుగుతుంది. మా సంఘాల మీటింగుల్లో కూడా ఎక్కువగా మాట్లాడుకునేది ఇంక్రిమెంట్లు, క్వార్టర్లు, సీనియారిటీ. వాటికోసం కొట్లాడటం తప్పని అనను. కానీ 'తగినవాళ్లు దొరకలేదు' అన్న కాగితాల మీద మనలో ఎవరెవరి సంతకాలున్నాయి అని వొక్క మీటింగులో కూడా మేం అడుక్కోలేదు. అడిగితే చాలామందిమి బయటపడతాం.

యీ కాగితం చిన్నదని అనుకోకండి. దాని వెనక ఏం నడుస్తుందో చూడండి. తగినవాళ్లు లేరని రాస్తే పోస్టు ఖాళీగా వుంటుంది. ఏళ్లతరబడి ఖాళీగా వుంచి, చూశారా, పోస్టులిచ్చినా వీళ్లు రావడం లేదు అంటారు. ఆ తరవాత అసలు రిజర్వేషనే తీసేద్దామంటారు. ఊహించి చెప్పడం లేదు. 2023 డిసెంబరు చివర్లో యూజీసీ వొక ముసాయిదా వదిలింది. రిజర్వు పోస్టులకు తగినంతమంది దొరక్కపోతే కొన్ని సందర్భాల్లో వాటిని మామూలు పోస్టులుగా మార్చే దారి అందులో వుంది. దేశమంతా గోలైతే 2024 జనవరిలో వెనక్కి తగ్గి, వొక్క పోస్టు కూడా అట్లా మార్చబోమని చెప్పారు. ముందు మా సంతకాలతో ఖాళీ చేయిస్తారు, ఆ ఖాళీ చూపించి మీ పిల్లల వాటా ఎత్తెయ్యాలని చూస్తారు.

అంతకు ముందు రోస్టరు గొడవ. అదీ చెప్పాలి, ఎందుకంటే అందులో మనం గెలిచాం. పాత పద్ధతిలో యూనివర్సిటీ మొత్తాన్ని వొక లెక్కగా తీసుకుని మన వాటా పోస్టులు కట్టేవాళ్లు. 2017లో అలహాబాదు హైకోర్టు, మొత్తం యూనివర్సిటీ కాదు, వొక్కో డిపార్టుమెంటును విడివిడిగా లెక్కపెట్టాలంది. 2018 మార్చిలో యూజీసీ అదే అమలు చెయ్యమంది. వినడానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది. ఆ కొత్త లెక్కలో డిపార్టుమెంటులో నాలుగో పోస్టు బీసీలకు, ఏడో పోస్టు ఎస్సీలకు, పద్నాలుగో పోస్టు ఎస్టీలకు. మన దగ్గర చాలా డిపార్టుమెంట్లలో ఆరేడు పోస్టులు కూడా వుండవు. ఏడో పోస్టు లేని చోట మాల మాదిగ బిడ్డ లేడు. పద్నాలుగో పోస్టు లేని చోట చెంచు బిడ్డ, కోయ బిడ్డ ఎప్పటికీ లేరు. వొక్క జీవో కొట్టకుండా, రాజ్యాంగంలో వొక్క అక్షరం మార్చకుండా, పళ్లెం అలాగే వుంచి అన్నం తీసేసే లెక్క. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే నిలబెట్టింది. అప్పుడు జనం రోడ్డెక్కారు. మార్చి 5న భారత్ బంద్ అన్నారు. రెండు రోజుల్లో ఆర్డినెన్సు వచ్చింది, జూలైలో పార్లమెంటు చట్టం చేసింది, యూనివర్సిటీ మొత్తం వొకే లెక్క అని. అది కేంద్ర సంస్థలకు సంబంధించిన చట్టమే అనుకోండి, అయినా గెలుపు గెలుపే. ఆ బంద్ నాడు మా ప్రొఫెసర్లలో ఎంతమందిమి రోడ్డు మీద వున్నాం? నేను సెలవు పెట్టి ఇంట్లో వున్నాను. మా పోస్టుల కోసం ఎండలో నిలబడింది ఉద్యోగాలు లేని పిల్లలు, కూలిజనం.

మీలో కొందరంటారు, ఇంకా ఆ యూనివర్సిటీలేమిటన్నా, సర్కారు ఉద్యోగాలే లేవు, అంతా ప్రైవేటయింది, రిజర్వేషనే లేని చోట్లు పెరిగిపోయాయి, వాటి కోసం కొట్లాడి ఏం లాభం అని. సగం నిజం. కానీ పాఠం ఎవరు చెబుతారన్నది ఉద్యోగం గొడవ వొక్కటే కాదన్నా. 1882లో హంటర్ కమిషన్ ముందు జోతిరావు ఫూలే బడులు పెట్టమని అడిగి ఊరుకోలేదు. ఆ బడుల్లో మాస్టర్లు కూడా సాధ్యమైనంతవరకు కష్టపడే కులాల నుంచి రావాలని అడిగాడు. పిల్లలతో కలిసిపోయే మాస్టరు కావాలని. ఆ అమ్మాయి ఆ గదిలో గెలిచి వుంటే ఏడాదికి అరవైమంది పిల్లలకు గ్రేడింగు ఆడోళ్ల లెక్క ఎకనామిక్స్‌గా అందేది. ఇప్పుడు ఆ క్లాసులో ఎవరూ లేరు. పోస్టు ఇంకా ఖాళీయే.

అందుకని సంఘాల్లో పనిచేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు వొక మాట. ఏప్రిల్ 14కి మమ్మల్ని పిలవండి, పిలవొద్దని అనను. స్టేజీ మీద కూర్చోబెట్టొద్దు. జనంలో చాప మీద కూర్చోబెట్టి అడగండి. నువ్వు ఎన్ని కమిటీల్లో కూర్చున్నావు? ఎన్నిట్లో మనవాళ్లను తీసుకున్నారు? తీసుకోనప్పుడు అసమ్మతి రాశావా, రాస్తే కాపీ ఏది? నీ దగ్గర ఎంతమంది మన పిల్లలు పీహెచ్.డీకి చేరారు, ఎంతమంది పూర్తి చేశారు, మధ్యలో పోయినవాళ్లు ఎందుకు పోయారు? ఫీజు బకాయి రాలేదని మన పిల్ల సర్టిఫికెట్లు ఆపేస్తే నువ్వు రిజిస్ట్రారు గదికి పోయావా? సర్పంచిని ఉపాధి కూలి లెక్క అడుగుతారు కదా, అదే గొంతుతో అడగండి. మాకు కోపం వస్తుంది. కొందరు మళ్లీ రారు. రానివాళ్ల పేర్లు రాసి పెట్టుకోండి.

ఆ పెద్దమ్మ అడిగిన పదిహేను రోజులకు నేను ఆ అమ్మాయిని వెతుక్కుంటూ పోయాను. వొక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠం చెబుతోంది, పీరియడుకు ఇంత అని. మా అమ్మకు ఆకు లెక్కన ఇచ్చేవాళ్లు, ఈమెకు గంట లెక్కన ఇస్తున్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను, సంతకం సంగతి కూడా. ఏడుస్తుందనో తిడుతుందనో అనుకున్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "ఆ రోజు నేను బయటికొచ్చి నా ఇంగ్లీషే బాగాలేదనుకున్నాను సార్. రెండేళ్లు అదే అనుకున్నాను. రాత్రుళ్లు అద్దం ముందు నిలబడి ఇంగ్లీషు మాట్లాడుకున్నాను" అంది. ఇంకాసేపు ఆగి, "ఆ కాగితం కాపీ దొరుకుద్దా?" అని అడిగింది.

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు మా ఇద్దరం కూర్చుని రాశాం. ఎస్సీ పోస్టులు ఎన్ని, ఎంతమందిని పిలిచారు, ఎవరికెంత స్కోరు వుంది, ఏ కారణంతో తగరన్నారు, ఆ రోజు కమిటీ మినిట్స్ నకలు. పది రూపాయల పోస్టలార్డరు పెట్టి రిజిస్టర్ పోస్టులో పంపింది. ఆ గదిలో నేను చూసింది, విన్నది వొక తెల్లకాగితం మీద రాసి సంతకం చేసి ఆమె చేతికిచ్చాను, ఎక్కడ కావాలంటే అక్కడ చూపించుకోమని. కమిటీ రహస్యం బయటపెట్టానని నా మీదకు రావచ్చు. రానివ్వండి. మా ఆవిడ మాత్రం ఇంకా రిటైర్మెంటుకు ఎన్నేళ్లుందో వేళ్ల మీద లెక్కపెడుతోంది.

ముప్పై రోజుల్లో జవాబివ్వాలని చట్టం. యీ వ్యాసం పత్రికకు పంపేనాటికి దరఖాస్తు వేసి పందొమ్మిది రోజులైంది. జవాబు వస్తే వచ్చినట్టు, రాకపోతే రానట్టు ఇదే పత్రికలో రాస్తాను. అప్పీలుకు పోవాల్సొస్తే తోడు రాగలిగినవాళ్లు, ఇట్లాంటి ఇంటర్వ్యూలకే పోయి తిరిగొచ్చిన పిల్లలు మీ పల్లెల్లో వుంటే, పత్రిక అడ్రసుకు వొక కార్డు ముక్క రాయండి.